ఆంగ్ మో కియో మీద బెంగ పెట్టుకోవచ్చా?

బెంగ పెట్టుకోవడానికి కూడా మన వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పరాయి దేశంలో కూర్చుని ఊరి మీద బెంగ పెట్టుకుంటే అది మంచి బెంగ. దాని మీద కవిత రాస్తే ఉగాది సంచికలో వేస్తారు, అమ్మ ఫోన్లో విని కళ్ళు తుడుచుకుంటుంది, పిన్ని ఆవకాయ సీసాకి నాలుగు కవర్లు చుట్టి పంపిస్తుంది. అదే మనిషి తిరిగొచ్చేసి, హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకుని, ఉద్యోగం కుదిరి, పిల్లాడు స్కూల్లో సర్దుకున్నాక "నాకు అక్కడి మీద బెంగగా ఉంది" అంటే మాత్రం ఎదుటివాళ్ళ మొహాలు మారిపోతాయి. ఫారిన్ బిల్డప్ అని మొహం మీదే అనేవాళ్ళు కొందరు, వెనకాల అనుకునేవాళ్ళు మిగతావాళ్ళు. బాగా కావలసినవాళ్ళయితే "అంత బాగుంటే మరి ఎందుకొచ్చావే?" అని నిలదీస్తారు.

సింగపూర్ వదిలి ఎందుకొచ్చానో చెప్పడం తేలిక. నాన్న పోయారు, అమ్మ కూకట్‌పల్లిలో ఒక్కతే అయింది. అక్కడ ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ వీసా లాంటిది) మీద ఉన్నవాళ్ళు తల్లిదండ్రుల్ని లాంగ్ టర్మ్ విజిట్ పాస్ మీద తెచ్చుకోవాలంటే నెలకి కనీసం 12,000 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలని రూలు, మా ఇద్దరిలో ఎవరి జీతమూ ఆ దరిదాపుల్లో లేదు. టూరిస్టులా వచ్చి వెళ్తూ ఉండడం ఆవిడ వయసుకి ఎన్నాళ్ళు? వచ్చేశాం. మళ్ళీ ఆలోచించుకోమన్నా ఇదే చేస్తాను. నా గొడవ అది కాదు. పెళ్ళయిన పిల్ల పుట్టింటి మీద బెంగ పెట్టుకుంటే "అయితే పెళ్ళెందుకు చేసుకున్నావ్" అని ఎవరూ అడగరు కదా. వచ్చేయడం సరైన పనే అయ్యుండొచ్చు, వదిలేసి వచ్చినదాని మీద బెంగ కూడా ఉండొచ్చు, ఆ రెండిటికీ మధ్య తగువేమీ లేదు.

ఇంకో చిక్కేమిటంటే, దేని మీద బెంగ అని ఎవరూ అడగరు. వాళ్ళే ఊహించేసుకుంటారు. మరీనా బే, సెంటోసా, ఛాంగి ఎయిర్‌పోర్ట్‌లో జలపాతం, చెత్త లేని రోడ్లు. మూడు టవర్ల మీద పడవ నిలబెట్టినట్టుండే ఆ హోటల్ని నేను ఇండియా నుంచి చుట్టాలొచ్చినప్పుడు తప్ప చూసిందే లేదు. నాకు గుర్తొచ్చేది మేం ఉన్న ఆంగ్ మో కియో అనే పేటలో ఏ విశేషమూ లేని ఒక మంగళవారం. ఆ పేటకి టూరిస్టు బస్సులు రావు, రావలసిన పనీ లేదు.

అక్కడ పొద్దున్న ఏడింటికి గానీ తెల్లారదు. భూమధ్యరేఖకి ఆనుకుని ఉన్న ఊరు కాబట్టి ఏడాదంతా ఇంచుమించు అదే వేళ, పైగా మలేషియాతో పాటు 1982లో గడియారాన్ని అరగంట ముందుకి జరుపుకున్నారు. దాంతో పిల్లలు చీకట్లోనే స్కూలుకి బయల్దేరతారు. నేను లిఫ్ట్ దిగేసరికి కింద కాఫీ షాపులో పళ్ళేల చప్పుడు మొదలైపోయేది. అక్కడ కాఫీ అడగడమే ఒక విద్య. ఉత్త 'కోపీ' అంటే తియ్యటి డబ్బాపాలు పోస్తారు, 'కోపీ ఓ' అంటే పాలు లేకుండా, 'కోపీ సీ' అంటే తీపి లేని చిక్కటి డబ్బాపాలతో, 'సియూ దాయ్' కలిపితే తీపి తగ్గించి, 'కొసోంగ్' అంటే చక్కెరే లేకుండా, 'పెంగ్' అంటే ఐసు వేసి. మొదట్లో నా వెనక లైను పెరిగిపోతుంటే టెన్షన్ పడి, ఏదొస్తే అది తాగేసేదాన్ని. తర్వాత్తర్వాత, కౌంటర్ దగ్గరి అంకుల్ నన్ను చూడగానే తలెత్తకుండా లోపలికి ఒక కేక వేసేవాడు, నేను చిల్లర తీసేలోపు కప్పు వచ్చేసేది. అంతే. ఆయన పేరు నాకు తెలీదు, నా పేరు ఆయనకి తెలీదు. నా జీవితంలో అంత నిలకడగా, అంత తక్కువ మాటలతో నడిచిన పరిచయం ఇంకోటి లేదు.

ఆఫీసు దగ్గర స్టేషన్లో ఎస్కలేటర్ ఎదురుగా ఆగే తలుపు ఏదో ప్లాట్‌ఫాం మీద కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆకాశం ఏ రంగులో ఉంటే ఇంకో పది నిమిషాల్లో కుండపోత పడుతుందో తెలుసు, పడ్డా బ్లాకు నుంచి బస్టాపు దాకా నడవడానికి పైన కప్పున్న దారి ఎక్కడెక్కడ ఉందో తెలుసు. సుమత్రా వైపు నుంచి తెల్లవారుజామున వచ్చే గాలివానకి బట్టల కర్రలు ఏ కిటికీలోంచి లోపలికి లాగాలో తెలుసు. ఇవన్నీ ఎందుకూ పనికిరాని తెలివితేటలు, ఏ రెజ్యూమేలోనూ రాయలేం. కానీ పరాయి ఊరు మనదవడం అంటే నా లెక్కలో ఇదే. భాష నేర్చుకోవడం, స్నేహితుల్ని సంపాదించుకోవడం లాంటి పెద్ద పెద్ద మాటలు తర్వాత. ఏళ్ళ తరబడి పోగేసుకున్న ఈ చిల్లర తెలివి విమానం ఎక్కిన రోజునే పనికిరాకుండా పోయింది. బ్యాంకులో మిగిలిన డబ్బు తెచ్చుకున్నాం, సామాను షిప్పులో వచ్చింది, ఇది మాత్రం తేలేకపోయాను.

సరే, ఇక్కడ అందరూ అనే మాట ఒకటుంది. "వాళ్ళకి డిసిప్లిన్ ఎక్కువ, మనకి రాదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, తిన్న ట్రే తీసి స్టాండులో పెట్టమని అక్కడ ఏళ్ళ తరబడి పోస్టర్లు అంటించారు, బతిమాలారు, అయినా జనం వదిలేసి వెళ్ళిపోతుంటే చివరికి 2021 సెప్టెంబర్ నుంచి పట్టుకోవడం మొదలుపెట్టారు. మొదటిసారి హెచ్చరిక, మళ్ళీ దొరికితే 300 డాలర్ల జరిమానా. పుట్టుకతో వచ్చిన క్రమశిక్షణకి జరిమానా ఎందుకు? ఆ హాకర్ సెంటర్లు కూడా ఊరికే మొలవలేదు. 1960లలో సింగపూర్ రోడ్ల పక్కన బళ్ళూ, మురుగూ, ఈగలూ ఎలా ఉండేవో చెప్పే ఫోటోలు వాళ్ళ మ్యూజియంలలోనే ఉన్నాయి, చూస్తే మన కోఠి గుర్తొస్తుంది. ఆ బళ్ళవాళ్ళని తరిమేసి ఊరుకోకుండా ముందు పేర్లు రాసుకుని లైసెన్సులిచ్చారు, 1971 నుంచి 1986 దాకా ఒక్కో పేటలో నీళ్ళూ డ్రైనేజీ ఉన్న షెడ్లు కట్టి అందులోకి మార్చారు. ఆ కారణంగానే ఆంగ్ మో కియోలో టాక్సీ డ్రైవరూ, బ్యాంకు మేనేజరూ, స్కూలు పిల్లలూ, నేనూ ఒకే బల్ల మీద మోచేతులు తగిలేలా కూర్చుని చికెన్ రైస్ తినేవాళ్ళం. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్తే ఆ సీటు మనదే, ఎవరూ ముట్టుకోరు. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చుకుందని టీవీలో చెప్తుంటే మా కాఫీ అంకుల్ కనీసం తల తిప్పలేదు.

ఇళ్ళ సంగతీ అంతే. 1960లో పెట్టిన హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్లలో ఇవాళ్టికీ ఆ దేశస్థుల్లో పది మందికి సుమారు ఎనిమిది మంది ఉంటున్నారు. మేం అద్దెకున్నదీ అలాంటి బ్లాకే. ఆ బ్లాకుల్లో నేల అంతస్తు చాలావరకు ఖాళీగా వదిలేస్తారు, వాయిడ్ డెక్ అంటారు. సిమెంటు బల్లలు, చదరంగం గళ్ళు గీసినవి. ఒక శనివారం అక్కడ మలయ్‌వాళ్ళ పెళ్ళి, బిర్యానీ వాసన పదో అంతస్తు దాకా. పై వారం అదే చోట చైనావాళ్ళ చావు, మూడు నాలుగు రాత్రుల పాటు గుడారం వేసి, దీపాలు పెట్టి, చుట్టాలు పేకాడుకుంటూ జాగారం. మన మహాలయ పక్షానికి కాస్త ముందుగా వాళ్ళకీ పితృదేవతలు తిరిగే నెల ఒకటి వస్తుంది, అప్పుడు వేసే పాటల కచేరీల్లో ముందు వరుస కుర్చీలు ఖాళీగా ఉంచుతారు. అవి పోయినవాళ్ళకి. మా అమ్మ వచ్చి ఉన్నప్పుడు ఈ ముక్క చెప్తే చాలా మెచ్చుకుంది. ఆవిడకి సాయంత్రాలు ఆ వాయిడ్ డెక్కే లోకం. చైనా ముసలావిడ ఒకరు వచ్చి పక్కన కూర్చునేవారు, ఇద్దరికీ కలిసిన భాష ఒక్క ముక్క లేదు, మోకాళ్ళు చూపించుకుని ఒకరికొకరు నొప్పులు చెప్పుకునేవారు. ఇప్పుడు అదే అమ్మకి మా గేటెడ్ కమ్యూనిటీలో వందల ఇళ్ళ తెలుగు వాళ్ళ మధ్య పలకరించే మనిషి లేదు. క్లబ్ హౌస్ ఉంది, దానికి యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి.

నా బెంగలో ఎక్కువ వాటా రాత్రులది. మగవాళ్ళకి ఇది ఎంత చెప్పినా పూర్తిగా ఎక్కదేమో, అయినా చెప్తాను. పని ఆలస్యమై పదకొండున్నరకి ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) దిగి, వంతెన మెట్లు దిగి, చెట్ల కింద నుంచి బ్లాకు దాకా నడిచి వెళ్ళేదాన్ని. భయం లేకపోవడం సంగతి అటుంచండి, భయం అన్న విషయమే గుర్తుకు రాకపోవడం ఉంటుంది చూశారూ, అది. చెవుల్లో పాటలు పెట్టుకుని, రేపటి కూరకి ఏం ఉందా అని ఆలోచిస్తూ నడవడం. దారిలో ఎవరికీ లొకేషన్ షేర్ చెయ్యకపోవడం. కొన్నిసార్లు ఊరికే ఇంకో చుట్టు తిరిగి బిషన్ పార్కు వైపు వెళ్ళేదాన్ని. ఒకప్పుడు అక్కడ కల్లాంగ్ నది సిమెంటు కాలవలో పారేదట, దాన్ని పగలగొట్టి మళ్ళీ మెలికలు తిరిగే నదిలా చేసి 2012లో పార్కు తెరిచారు. తర్వాత నీటికుక్కలు కుటుంబాలతో సహా వచ్చి చేరాయి. ఊళ్ళో వాటికి సినిమా హీరోలకున్నంత మంది అభిమానులు, ఏ గుంపు ఏ గుంపుతో కొట్లాడిందో పేపర్లో వస్తుంది. (మూసీ గురించి ఇక్కడ ఏమైనా అనాలని చెయ్యి దురదపెడుతోంది గానీ, వదిలేద్దాం.) ఇప్పుడు ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి క్యాబ్ ఎక్కినా మా ఆయనకి నంబర్ ప్లేట్ ఫోటో వెళ్ళాల్సిందే. నాకు ఇక్కడ ఎప్పుడూ ఏ చెడూ జరగలేదు. అయినా మెదడులో ఒక మూల ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది, ఆ కాపలా ఖర్చు ఎంతో అది లేకుండా బతికినవాళ్ళకే తెలుస్తుంది.

ఇదంతా చదివి నేను ఆ ఊరిని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. మొదటి ఇల్లు వెతుక్కున్నప్పుడు "ఇండియన్స్‌కి ఇవ్వం" అని ఫోన్లోనే పెట్టేసిన ఓనర్లున్నారు, వంట వాసన అని కారణం చెప్పినవాళ్ళూ ఉన్నారు. కాస్త నల్లగా ఉన్న మనిషి కనపడితే తమిళంలో మాట్లాడతారు, ఆ దేశపు నాలుగు అధికార భాషల్లో తమిళం ఉంది కాబట్టి తెలుగువాళ్ళమన్నది ఎవరికీ పట్టదు. దానికి నాకు పెద్ద బాధ లేదు, కూరగాయల బేరానికి సరిపడా తమిళం వచ్చేసింది. అసలు భయం వేరే. ఉద్యోగం పోతే పాస్ రద్దు, రద్దయ్యాక సాధారణంగా 30 రోజులు, ఆలోపు ఇంకోటి దొరక్కపోతే ఇల్లూ స్కూలూ సర్దేసుకుని బయల్దేరాల్సిందే. నెల నోటీసుతో మనల్ని వద్దనగలిగే ఊరిని మనది అనుకున్నాం.

నా మంగళవారం అంత హాయిగా నడవడానికి ఎవరెవరు పనిచేశారన్నది కూడా చూడాలి. ఆ కప్పున్న దారులూ, ఎంఆర్‌టీ సొరంగాలూ కట్టినవాళ్ళు తమిళనాడు నుంచీ, బంగ్లాదేశ్ నుంచీ, మన వైపు నుంచీ వచ్చిన కూలీలు. వాళ్ళలో చాలామంది పనికి వెళ్ళేది లారీ వెనక కూర్చుని, వానొస్తే టార్పాలిన్ కప్పుకుని. సీటు బెల్టు పెట్టుకోకపోతే నాకు జరిమానా వేసే దేశంలో వాళ్ళకి లారీ వెనక బెల్టే లేదు. 2020లో కోవిడ్ అప్పుడు, ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 దాకా సర్క్యూట్ బ్రేకర్ పేరుతో ఊరు మూసేసినప్పుడు, కేసుల్లో అత్యధికం డార్మిటరీల్లో ఒకే గదిలో పది మందీ పన్నెండు మందీ పడుకునే వీళ్ళవే. మేం ఇంట్లో కూర్చుని కేకులు చేసుకున్నాం, వాళ్ళకి నెలల తరబడి గేటు దాటనివ్వలేదు. ఇళ్ళల్లో పనిచేసే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అమ్మాయిలకి బదులుగా డబ్బిచ్చి సరిపెట్టడానికి వీల్లేని సెలవు నెలకి ఒక్క రోజైనా ఉండాలన్న రూలు 2023లో వచ్చింది. అది కూడా నెలకి ఒక్కటి. ఆదివారం సెరంగూన్ రోడ్డులో, పెరుమాళ్ళ గుడి వైపు నడుస్తుంటే వెనక నుంచి తెలుగు మాటలు వినపడేవి. తిరిగి చూస్తే ఇంటికి వీడియో కాల్‌లో గుడి గోపురం చూపిస్తున్న కుర్రాడు. మేమిద్దరం ఒకే ఊళ్ళో ఉన్నాం అనడం న్యాయం కాదు. తిరిగి వెళ్ళాక అతనికి బెంగ ఉంటే అది దేని మీద ఉంటుందో నేను చెప్పలేను.

కానీ ఇవన్నీ తీసేసినా బెంగ పోలేదు, అందుకే ఇంత రాస్తున్నాను. తీసేయగా మిగిలింది ఏమిటంటే, అక్కడ నేను ఎవరో కానక్కర్లేదు. బస్సులో, లైబ్రరీలో, బల్ల దగ్గర, పక్కవాడితో సమానంగా కూర్చోవడానికి కారు అక్కర్లేదు, తెలిసినవాళ్ళు అక్కర్లేదు, ఇంటిపేరు అక్కర్లేదు. (తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం "మీరు మనవాళ్ళేనా అండీ" అక్కడికీ వచ్చింది, అది వేరే వ్యాసం.) హైదరాబాద్ తిరిగొచ్చాక కాగితం మీద మేం ఎక్కువ ఉన్నవాళ్ళం. ఇల్లు పెద్దది, వంటకి మనిషి, కారుకి డ్రైవరు, పాలు పది నిమిషాల్లో. అయితే ఒక రోజులో నేను ఎదురుపడే కొత్త మనుషులందరూ నాకు ఏదో ఒకటి అందించడానికి వచ్చినవాళ్ళే. సమానంగా ఎదురుపడే మనిషి ఒక్కరు లేరు. ఊళ్ళో ఆ చోట్లు లేవా అంటే ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం, బస్సులు కిటకిటలాడుతున్నాయి, మా కాంప్లెక్స్‌లో ఆ బస్సెక్కిన ఆడవాళ్ళు మా వంటావిడా, వాచ్‌మన్ భార్యా తప్ప నాకు తెలిసి ఇంకెవరూ లేరు. చిక్కడపల్లి లైబ్రరీలో ఉద్యోగాలకి చదువుకునే పిల్లలు మెట్ల మీద కూడా కూర్చుని చదువుతారు. ఇరానీ హోటళ్ళలో ఇంకా ఎవరైనా ఎవరి ఎదురుగానైనా కూర్చోవచ్చు. అవన్నీ ఉన్నా, డబ్బు చేతికి రాగానే ముందు అందులోంచి బయటపడడాన్నే మన వర్గం ఎదుగుదల అనుకుంటోంది. సింగపూర్‌లో మాకు ఆ అవకాశం లేదు. కారు కొనాలంటే కారు కంటే ముందు పదేళ్ళు వాడుకునే సర్టిఫికెట్ వేలంలో కొనాలి, అది చాలాసార్లు కారు ఖరీదుని మించిపోతుంది. కాబట్టి బస్సెక్కాం. ఎక్కక తప్పనివాళ్ళలో మేనేజర్లూ డాక్టర్లూ కూడా ఉన్నారు కాబట్టే ఆ బస్సు టైముకొచ్చేది అని నా గట్టి నమ్మకం.

ఆ మధ్య సెలవులకి వెళ్ళొచ్చాం. బెంగ తీరుతుందనే మా ఆయన టికెట్లు తీశాడు. పర్సు అడుగున దాచుకున్న ఈజెడ్-లింక్ కార్డు (బస్సుకీ, రైలుకీ టికెట్ బదులు వాడేది) పనిచేసింది, గేటు తెరుచుకుంది, ఆ టక్ మనే శబ్దానికి సంతోషం ఆగలేదు. ఆంగ్ మో కియో కూడా వెళ్ళాం. కాఫీ షాపులో కౌంటర్ మారిపోయింది, కొత్త కుర్రాడు నా ఆర్డరు విని ఇంకోసారి చెప్పమన్నాడు. బస్టాపులో నిలబడ్డాను గానీ ఎక్కాల్సిన బస్సేమీ లేదు. పాత పక్కింటావిడ ఎంతో సంతోషించి మమ్మల్ని భోజనానికి తీసుకెళ్ళింది, అదే ఇబ్బంది, ఇదివరకు ఆవిడ తలుపు తీసి చెత్త సంచీ బయట పెడుతూ "తిన్నావా?" అని అడిగి సమాధానం వినకుండా లోపలికెళ్ళిపోయేది. నాకు కావలసింది అది. మామూలు రోజుని చూడ్డానికి వెళ్ళడం కుదరదు, అందులో పనీపాటా ఉండాలి, కరెంటు బిల్లు ఉండాలి, పిల్లాడి లంచ్ డబ్బా ఉండాలి.

మళ్ళీ వెళ్తావా అని అడిగేవాళ్ళకి, లేదు. 2023 సెప్టెంబర్ నుంచి కొత్త పాస్‌కి పాయింట్ల లెక్క కూడా పెట్టారు, 40 రావాలి. మాకు రావచ్చు, రాకపోవచ్చు, చూసుకోలేదు. అమ్మ ఇక్కడుంది, పిల్లాడికి ఇక్కడ క్రికెట్ టీమ్ దొరికింది, నాకు ఉద్యోగం బాగానే ఉంది. ఈసారి ఏ ఫంక్షన్లోనైనా "అంత బాగుంటే ఎందుకొచ్చావే" అని ఎవరైనా అంటే 12,000 డాలర్ల రూలు చెప్పి భోజనాల వైపు వెళ్ళిపోతాను. అలా కాకుండా అక్కడ నీ రోజు ఎలా గడిచేదని ఎవరైనా అడిగితే, వాళ్ళు ఓ గంట ఖాళీ పెట్టుకుని రావాలి.